బల్ల మీది బరువులు

ఫుకువోకాలోని ఆ ప్రయోగశాలలో రాత్రి మిసోనో ఒక్కతే ఉంది. ఆమె స్లిప్పర్ల టపటప తప్ప వేరే చప్పుడు లేదు. కొలిమిలో రూపాయంత పింగాణీ బిళ్ల కాలుతోంది. పైన బరువు పెరిగేకొద్దీ అందులో ప్రోటాన్ల నడక మందగించి, దాన్ని కొలిచే మీటరులో అంకె ఒక్కో మెట్టూ దిగుతుంది. మిగిలింది ఆ ఒక్క బిళ్లే. అది పగిలితే ఆమె రెండేళ్ల పరిశోధన పోయినట్టే.

పని ముగించి ఐదు కిలో బరువులనూ తీసి బల్ల మీద పెట్టింది. అంకె మాత్రం పైకి రాలేదు. సీనియర్ ఇసోబెకి ఫోన్ చేసింది.

"ఇసోబె గారూ, బరువులు తీసేశాను. మీటరేమో ఐదూ ఉన్నాయంటోంది."

"రెండు గిన్నెల రామెన్ తినేసి నువ్వే దాని మీద వాలావేమో!" అతను నవ్వాడు. "బల్ల మీద సరిగ్గా లెక్కపెట్టు తల్లీ."

ఐదూ అక్కడే ఉన్నాయి. ఒకటి ఎత్తి చూసింది. కిలో ఇనుము ఎండుటాకులా చేతిలోకి లేచి వచ్చింది. మిగతా నాలుగూ అంతే.

కొలిమిలో చిటుక్కుమంది. అంకె మరో మెట్టు దిగింది.

"ఇంకో బరువు పడిందండీ. మన దగ్గరున్నవి ఐదే కదా?"

ఇసోబె నవ్వు ఆగిపోయింది. "ముందు కొలిమి ఆపెయ్."

మిసోనో స్విచ్ వైపు పరుగెత్తింది. నాలుగడుగులు వేశాక గమనించింది. తన స్లిప్పర్లు చప్పుడు చేయడం లేదు.