పికప్‌కి వచ్చిన బేరం

వచ్చినవాడు ఛార్జింగ్ మూత కోసం వెతకలేదు. అనుమానం అక్కడే మొదలైంది.

ఆ ఎలక్ట్రిక్ పికప్ చూడటానికి వచ్చిన ప్రతివాడూ ముందు బండి వెనక్కి వెళ్లేవాడు. పెట్రోలు పోసే చోట తడిమి, “ఎక్కడండీ?” అని అడిగేవాడు. ఈ మనిషి మాత్రం గేటు దాటి తిన్నగా వచ్చి, హెడ్‌లైటు వెనక వేలితో నొక్కాడు. మూత టక్కున తెరుచుకుంది.

పాత బండ్ల యార్డు నడిపే ఆయన్ని ఆ వీధిలో అందరూ అనుమానాల్రావు అంటారు. అసలు పేరు బోర్డు మీద తప్ప ఎక్కడా వినబడదు. కట్టుకున్న భార్య అడక్కుండా టీ ఇచ్చినా “ఏంటి విశేషం?” అంటాడు మహానుభావుడు.

అలాంటివాడూ ఒకసారి పప్పులో కాలేశాడు. మూడు నెలల కింద ఒకావిడ ఈ పికప్ తెచ్చి, “నాకు బండ్ల సంగతేం తెలీదండీ, మీరే చూసి ఇవ్వండి” అంది. పదమూడు లక్షలు అడిగితే పన్నెండుకి దింపి, ఆ రోజంతా మీసం మెలేశాడు. నెల తిరక్కుండా కంపెనీవాళ్లు కొత్త పికప్‌ల ధర తగ్గించారు. అయినా జనం కొనడం లేదని మళ్లీ తగ్గించారు. కొత్తదే అంత చవగ్గా దొరుకుతుంటే పాతదాని మొహం ఎవడు చూస్తాడు? వచ్చినవాళ్లు దాని పక్కన ఫొటోలు దిగి పోతున్నారు.

“ఆదివారం లోపు ఆ గుదిబండ కదలకపోతే యార్డు మా తమ్ముడు చూసుకుంటాడు” అని భార్య తేల్చి చెప్పింది. పెట్టుబడి ఆవిడ పుట్టింటిది మరి. బావమరిది కుర్చీలో కూర్చుని కాళ్లూపుతుంటే తను గుడ్డ పట్టుకుని బండ్లు తుడవడమా! ఆ ఊహకే ముద్ద దిగడం లేదు. ఇవాళ శనివారం.

“ఎంతకిస్తారు?” అన్నాడు వచ్చినవాడు.

“పదకొండు.”

అతను నవ్వలేదు, కోప్పడలేదు. “ఆరు” అన్నాడు.

“ఆరా? ఆ డబ్బుకి చక్రాలొస్తాయి, విప్పి పట్టుకెళ్లండి.”

“సోమవారం ఇంకోసారి ధర తగ్గిస్తారటగా. అప్పుడు చక్రాలకి కూడా ఎవరూ రారు.”

అనుమానాల్రావు అతన్ని ఎగాదిగా చూశాడు. సోమవారం సంగతి తనకే నిన్న రాత్రి తెలిసింది. అది కూడా ఎదురు యార్డువాడు ఫోన్లో అరుస్తుంటే విన్నాడు. అయితే ఈ మనిషి వాడి తాలూకే! తన గుట్టు లాగడానికి పంపాడు. దొంగ వెధవ, పొద్దున్నే పలకరించి మరీ నవ్వాడు!

ఉండబట్టలేక కూపీ లాగాడు. “ఏం పని మీది?”

“ఇళ్లకి కిటికీ అద్దాలు బిగిస్తాం. కుదుపు లేని బండి కావాలి.”

“మరి ఒక్క ఛార్జికి ఎంత దూరం పోతుందో అడగరేం? అందరూ ముందు అదే అడుగుతారు.”

“ఎంత పోతుంది?”

“మూడొందల యాభై కిలోమీటర్లు. కళ్లు మూసుకుని.”

“అద్దాలెక్కిస్తే రెండొందల నలభై దాటదులెండి.”

అంటూ డ్రైవరు పక్క తలుపు కాస్త పైకెత్తి వేశాడు. ఒక్క దెబ్బకి పడింది. ఆ కిటుకు కనిపెట్టడానికి అనుమానాల్రావుకి వారం పట్టింది.

“తలుపు సంగతి మీకెలా తెలుసు?”

“వాడగా వాడగా ఏ తలుపైనా వదులవుతుంది కదండీ. సరే, ఏడు. ఇక పైసా పెరగదు. డబ్బు ఇప్పుడే మీ ఖాతాలో వేసేస్తా. కాయితాలు మాత్రం మా మేనకోడలి పేరున రాయండి.”

మేనకోడలి పేరున! అంటే ఏ దొంగ సొమ్మో అయుండాలి. లేకపోతే తన పేరు చెప్పుకోలేని మనిషన్నా అయుండాలి. అనుమానాల్రావు ఆఫీసు గదిలోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి, కిటికీ సందులోంచి చూశాడు. ఆ మనిషి బండి వెనక తొట్టిలో కూర్చుని హాయిగా కాళ్లు చాపుకున్నాడు. సొంత అరుగు మీద కూడా ఎవరూ అంత నిమ్మళంగా కూర్చోరు.

ఫోన్ మోగింది. భార్య.

“తమ్ముడు రేపు పొద్దున్నే వస్తానంటున్నాడు. తాళాలు సిద్ధంగా పెట్టండి.”

“ఎందుకూ? బండి అమ్ముడుపోయిందని చెప్పు!”

అనేశాక తప్పుతుందా? కాయితాలు రాసిచ్చాడు. డబ్బు పడింది. నిజంగా పడిందా అని బ్యాంకుకి ఫోన్ చేసి అడిగాడు. పడిందన్నారు. మళ్లీ వెనక్కి పోదు కదా అని అడిగాడు. పోదన్నారు, కాస్త విసుగ్గా. ఎదురు యార్డు వైపు చూస్తే అక్కడివాడు నోరెళ్లబెట్టి ఇటే చూస్తున్నాడు. పాపం, వాడికేం తెలీదు!

అయిదు లక్షలు హుష్‌కాకి. పోతే పోయాయి, కుర్చీ దక్కింది. పీడ విరగడైందని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

పికప్ చప్పుడు లేకుండా గేటు దాటింది. అయినా అనుమానాల్రావు మనసు ఊరుకోలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ వెనక పరుగెత్తాడు.

“ఏవండీ, ఒక్క మాట! కొత్తదాని ధరే దిగొస్తోందిగా, పోయి పోయి ఈ పాతదాన్నే ఎందుకు ఏరుకున్నారు?”

ఆ మనిషి బండి ఆపి, అద్దం దించి, మొదటిసారి నవ్వాడు.

“చేతికి అలవాటైన బండి కదండీ, మా ఆవిడ మీకు పన్నెండుకి అమ్మినప్పట్నుంచీ అద్దె బండ్లతో నానా అవస్థా పడుతున్నాం.”