ఎల్లుండి వాన

గుంటూరు నుంచి చర్చి యూత్ వాళ్లు వ్యాను వేసుకుని మా ఊరికి సేవకు వచ్చారు. మాతోపాటు వేరుశనక్కాయలు పీకి, వాకిట్లో ఆరబోశారు. తర్వాత కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ కరువు నేలకు ఇప్పుడే వాన ఇవ్వు" అని ప్రార్థించారు.

తడిస్తే కాయంతా నల్లబడుతుంది. కానీ వాన వద్దనడం మా ఊళ్లో పాపం. పైగా కొత్తవాళ్లతో నేను మాట్లాడి ఎరగను.

"అన్నా, ఎల్లుండి అని అడగండన్నా" అన్నాను.

"ఎల్లుండి, ప్రభువా" అన్నారు వాళ్లు, కళ్లు తెరవకుండానే.

గోడ అవతల నుంచి నల్లమ్మత్త అరిచింది. "ఏమ్మే, ఎల్లుండి మేము కాయలు ఆరబోస్తాండాము! ఆవలెల్లుండి అడగమను!"

"ఆ పొద్దు మా పిల్ల పెండ్లి!" అంది ఎదురింటామె.

రెండు నెలలుగా చినుకు చూడని ఊరంతా వాన తేదీ కోసం పోట్లాడుకుంది. వస్తుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.