కెప్టెన్ గారి ఓడ ప్రయాణం

"మా నాన్నగారు కెప్టెన్ హోదాలో సిడ్నీలో ఓడ దిగారని రాయండి మాస్టారూ," అన్నాడు ఎబెనీజర్ ట్రెలోర్.

అతను నలభై వేల ఎకరాల గొర్రెల మేతభూమికి యజమాని, న్యూ సౌత్ వేల్స్ శాసనసభ్యుడు. ఎన్నికల లోపే వంశచరిత్ర అచ్చు కావాలని బడిపంతుల్ని పిలిపించాడు.

వరండాలో బఠాణీలు ఒలుస్తున్న అతని తల్లి కెజాయా తలెత్తింది.

"ఓడ దిగిన మాట నిజమే. కెప్టెనెక్కడ్రా? మీ నాన్న కాళ్ళకి సంకెళ్ళతో దిగాడు."

పంతులి కలం ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమమ్మా!" అన్నాడు ట్రెలోర్.

"చెప్పొద్దని ఆయన ఒట్టేయించుకున్నాడు. కానీ మొన్న సభలో ఏమన్నావు? గొర్రెల దొంగలకి రక్తంలోనే పాపముంటుందన్నావట! మీ అక్క ఆకలికి ఏడుస్తుంటే ఒక్క గొర్రెను తోలుకొచ్చాడు నాయనా. దానికే ఏడేళ్ళ శిక్ష వేసి, ఇంగ్లండు నుంచి ఖైదీల ఓడలో సముద్రం దాటించి ఇక్కడికి పంపేశారు."

ట్రెలోర్ ముఖం పాలిపోయింది.

"నువ్వేమో ఇక్కడ తరతరాలుగా బతికిన వాళ్ళని తరిమేసి కొండా ఏరూ కలిపేసుకున్నావు. నిన్ను గౌరవ సభ్యుడంటున్నారు."

అతను తన మందల వైపు తిరిగాడు.

"ఏం రాయమంటారు?" అని పంతులు మెల్లగా అడిగాడు.

"నిజమే రాయండి," అన్నాడు ట్రెలోర్.

తల్లి కళ్ళు చెమర్చాయి. కొడుకు చెయ్యి పట్టుకుంది.

ట్రెలోర్ గొంతు సవరించుకున్నాడు.

"గొర్రెలతో మా వంశానికి అనుబంధం ఇంగ్లండులోనే మొదలైంది. ఆ పనిమీదే మా నాన్నగారు ప్రభుత్వ ఖర్చుతో ఈ దేశానికి వచ్చారు. రాశారా?"