మోటెద్దు మేత

రండి పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి.

ఒక బూడిదరంగు మైలెద్దు బతుకంతా మోట లాగింది. అది ముందుకు నడిస్తే బావిలోంచి నీళ్ల బొక్కెన పైకొచ్చేది, వెనక్కి నడిస్తే లోపలికి దిగేది. మోటారు వచ్చాక రైతు దాని కాడి దించి, గట్టు మీది పచ్చికలో వదిలేశాడు.

ఆకలిగొన్న ఎద్దు గడ్డి దాకా నడిచింది. మూతి ఆనించబోతుండగా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి.

"ఏం మామా, గడ్డి కరుస్తుందా?" అని నవ్వింది పక్కనే మేస్తున్న మేక.

"నీళ్లు కాలవలో పడ్డాయే పిల్లా, బొక్కెన దించొద్దూ?"

"ఇంకెక్కడి బొక్కెన? ముందు నోరు దించు!"

"ఈ ఒక్కటీ అయ్యాక తింటాలే."

పొద్దు గుంకేసరికి పచ్చికంతా మేకే మేసేసింది. డొక్కలెండిన ఎద్దు ఇంకా లేని బొక్కెన దించుతూనే ఉంది.

ఇక లేవండి. ఇళ్లకు పోయి, కంచంలో అన్నం చల్లారకముందే తినండి.