ఖాళీ నోరు

“పాపా, ఒక్కసారి నాలుక చాపు తల్లీ.”

పిల్లల మానసిక వైద్యశాల వరండా ఊడుస్తున్న మనిషి, చీపురు గోడకు ఆనించి అడిగింది.

బల్ల మీద కూర్చున్న గువ్వ చాపబోయింది. పక్కనే కూర్చున్న టైలరమ్మ, పిల్ల గడ్డం పట్టుకుని నోరు మూసేసింది.

“ఏంటమ్మా, నువ్వేమైనా డాక్టరువా?”

“కాదమ్మా. ఊడ్చేదాన్ని.”

“అయితే ఊడ్చుకో.”

ఆ మనిషికి నలభై కూడా ఉండవు. ఆసుపత్రిలో అందరూ నెమరమ్మ అనేవారు. నోట్లో ఏమీ లేకపోయినా దవడలు ఆడుతూనే ఉండేవి, నీడన పడుకున్న ఆవుకు మల్లే. నాలుక మధ్యమధ్య బయటికొచ్చి లోపలికి పోయేది. టైలరమ్మ మొహం పక్కకు తిప్పుకునేది.

గువ్వ టైలరమ్మ కన్నపిల్ల కాదు. తల్లి దగ్గర ఉంచకూడదని పిల్లల సంక్షేమం వాళ్ళు తీసుకొచ్చి, పెంచమని అప్పగించిన పిల్ల. తొమ్మిదేళ్ళది. టైలరమ్మది మూడో ఇల్లు. బట్టల సంచితో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో పాత చీటీ, తెల్ల మాత్రలు కూడా ఇల్లిల్లూ తిరిగి వచ్చాయి. పొద్దున ఒకటి, రాత్రి రెండు.

నెలకోసారి ఆసుపత్రికి రావాలి. ఆ నెల ఏ డాక్టరుంటే ఆ డాక్టరు.

“కుదురుగా ఉంటోందా?”

“ఉంటోందండీ.”

“ఇవే వాడండి.”

గాడిలో పడ్డ బండి. తోలేవాడు నిద్రపోయినా పోతుంది.

పిల్ల కుదురుగానే ఉండేది మరి. మిషను పక్కన పీట వేసి కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే. “నోట్లో నాలుక లేని పిల్ల. అదృష్టవంతురాలివి,” అనేవారు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు. ఇద్దరు చేతులెత్తేసిన పిల్లను తను దారికి తెచ్చానని టైలరమ్మకు లోలోపల గర్వం. భయం కూడా. పిల్ల మళ్ళీ ఏడుపు లంకించుకుంటే నాలుగో ఇంటికి పంపేస్తారు.

తర్వాతి నెల నెమరమ్మ మళ్ళీ దగ్గరికొచ్చింది.

“గౌను కుట్లు రెండుసార్లు విప్పి వదులు చేసినట్టున్నారమ్మా.”

“మా ఇంటి తిండి ఒంటబట్టింది. నీకేం?”

“తిండి కాదేమోనమ్మా. ఆ తెల్ల మాత్ర ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నారు?”

“చీటీలో ఉన్నన్నాళ్ళూ వేస్తాం.”

“మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే అదింకో ప్రమాదం. డాక్టరునే అడగండి. ఇది ఎందుకు మొదలెట్టారు, ఇంకా కావాలా, తగ్గించొచ్చా అని. నాలుక చాపించి చూడమనండి. చాపి ఉంచితే వానపాములా మెదలకూడదు. అంతే తల్లీ.”

మాట్లాడుతుంటే చొంగ జారింది. కొంగుతో తుడుచుకుంది.

“ముందు నీ నోరు సరిచేసుకో. మా పిల్ల నోటి సంగతి తర్వాత చూద్దువుగాని.”

బల్ల మీదున్న నలుగురూ నవ్వారు. నెమరమ్మ కూడా నవ్వబోయింది. పెదవులు మాట వినలేదు.

ఆ రోజే టైలరమ్మ సూపర్‌వైజరు గదికి వెళ్ళింది.

“పిల్లల దగ్గరకొచ్చి ఏదేదో వాగుతోందండీ. మతి సరిగా ఉన్నట్టు లేదు.”

పై నెలకు వరండా ఊడవడానికి వేరే మనిషి వచ్చాడు.

డాక్టరును మాత్రం టైలరమ్మ ఏమీ అడగలేదు. అడిగితే పిల్లతో వేగలేకపోతోందని రాసేస్తారేమోనని.

వానలు వెలిసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాలరు కుడుతూ తలెత్తి చూసింది. పీట మీద గువ్వ దవడలు ఆడుతున్నాయి.

“ఏం తింటున్నావే?”

“ఏం లేదమ్మా.”

“గుండీ గానీ వేసుకున్నావా? తియ్యి.”

“లేదమ్మా.”

వేలు పెట్టి రెండు బుగ్గలూ వెతికింది. గుండీ లేదు. ఏమీ లేదు. తడి నాలుక ఒక్కటే వేలి చుట్టూ మెలికలు తిరుగుతోంది.

“ఆపవే.”

“అది ఆగట్లేదమ్మా,” అంది గువ్వ.

మర్నాడే ఆసుపత్రికి పరుగెత్తింది. ఈసారున్న డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి, ఫైలు మొదటి కాగితం దాకా తిరగేసింది.

“ఈ మాత్ర ఎందుకు మొదలెట్టారో తెలుసా మీకు?”

“తెలీదండీ.”

“‘అమ్మ కావాలని ఏడుస్తోంది. నిద్రపోవడం లేదు.’ ఇంతే ఉంది. మూడేళ్ళ కిందటిది.”

టైలరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. “తగ్గుతుందాండీ?”

“నోరిలా ఆడేది ఏళ్ళ తరబడి ఈ మాత్ర వేసినందుకే. మెల్లగా తగ్గించుకుంటూ వస్తాను. నోటి సంగతి చెప్పలేను. కొందరికి పోతుంది, కొందరికి ఉండిపోతుంది. మొదట్లోనే నాలుక చూసుంటే బాగుండేది. చూడమని ఎవరూ చెప్పలేదా?”

టైలరమ్మ నేల చూసింది. నేల శుభ్రంగా లేదు.

బయటికొచ్చి, బరువు తూచే ముసలి నర్సు దగ్గర ఆగింది.

“ఇక్కడ ఊడ్చేది, నోరాడించే ఆవిడ. ఎక్కడుంటుందండీ?”

“పని పోయింది. పనితో పాటు ఇక్కడిచ్చిన గదీ పోయింది. ఎటెళ్ళిందో ఎవరికి తెలుసు? నీకెందుకమ్మా ఇప్పుడు?”

“ఈ మాత్ర సంగతి ఆవిడకెలా తెలుసా అని.”

నర్సు గువ్వను బరువు మిషను మీద నిలబెట్టింది. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా చూసింది.

“దీని మీదే దాన్నీ తూచానమ్మా, దానికి ఎనిమిదేళ్ళప్పుడు. ఐదిళ్ళు మారింది, మాత్ర మాత్రం మారలేదు. పెంచేవాళ్ళు ప్రతి నెలా తీసుకొచ్చి, ఇదిగో నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, ‘కుదురుగా ఉంటోందండీ’ అనేవాళ్ళు.”