లైవ్‌లో దొంగ

"సార్, నా పదిహేను వేలు నాకిచ్చేయండి. ఇవే పాఠాలు నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి."

తేజశ్రీ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. శ్రీకృష్ణకి ఒళ్లు మండిపోయింది. వీడియో చానల్ పెంచుకోవడం ఎలాగో నేర్పే కోచింగ్ సెంటర్ అతనిది. గుంటూరులో పెట్టి ఏడాదయింది. మూడొందల మంది చేరారు. ఇప్పుడు ఆ ఫోన్‌లో చూస్తే ఎవరో నడివయసు ఆవిడ మిరపకాయల రాశి పక్కన కూర్చుని, అవే పన్నెండు పాఠాలు తాపీగా చెబుతోంది. పేరు మౌలాబీ. పర్చూరు దగ్గర పల్లెటూరు.

"ఎంత పొగరు! దీని అంతు చూస్తా!"

అప్పటికప్పుడు కారు తీశాడు. తేజశ్రీని, ఇంకో ఇద్దరు స్టూడెంట్లని సాక్ష్యానికి ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా తిట్లే తిట్లు. ఇవాళ ఆవిడ నోటితో తప్పు ఒప్పించకపోతే రేపటికి సెంటర్ మూతపడుతుంది. అందుకే కల్లం దగ్గర దిగుతూనే లైవ్ పెట్టాడు. నాలుగు వేల మంది చూస్తున్నారు.

మౌలాబీ ముక్కుకి కొంగు చుట్టుకుని, తోటి ఆడవాళ్లతో కలిసి రాశిలోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది.

"ఏమ్మా, సిగ్గులేదూ? నా పాఠాలు దొంగిలించి ఊరికే పంచిపెడతావా?"

"ఎవరయ్యా నువ్వు? ఎండన పడొచ్చావు, ముందు కూర్చో."

"నాటకాలాడకు! కూలికొచ్చేదానివి, చానల్ గురించి నీకేం తెలుసు?"

"మా ఆడోళ్లు అడిగితే తెలిసింది చెప్పా. డబ్బులెందుకులే అనుకున్నా. మధ్యలో నీకేంటి నొప్పి?"

"ఏందా గొంతు? మర్యాదగా మాట్లాడు!" పక్కనున్న ఆదెమ్మ లేచి నిలబడింది.

శ్రీకృష్ణ ఇంకా రెచ్చిపోయాడు. మిరప ఘాటుకి దగ్గొస్తున్నా అరుపు ఆపలేదు.

"సార్, పాఠాలు మీవేనని రుజువుందా?" తేజశ్రీ మెల్లగా అడిగింది.

"ఎందుకు లేదు? మూడో పాఠం! మొదటి మాట చెప్పగానే కుడిపక్కకి మొహం తిప్పాలి. మూడు లెక్కపెట్టాలి. మళ్లీ కెమెరా వైపు తిరగాలి. అంతే, చూసేవాడు కదలడు. నా బుర్రలో పుట్టిన టెక్నిక్ ఇది! ప్రపంచంలో ఇంకెవడి దగ్గరా లేదు. ఈవిడ వీడియోలో చూడండి, మక్కీకి మక్కీ అదే!"

ఫోన్ ఆమె మొహం మీదకి తోశాడు.

"చెప్పు! ఈ టెక్నిక్ నీకెక్కడిది? నాలుగు వేల మంది వింటున్నారు."

మౌలాబీ కొంగు కిందకి లాగి, నవ్వాపుకోలేకపోయింది.

"టెక్నిక్కేంటి నా మొహం, మూడేళ్ల కిందట ఆ వీడియో తీస్తుంటే ఘాటుకి తుమ్మొచ్చి పక్కకి తిరిగా, ఆ ముక్క కత్తిరించడం చేతకాక అట్టాగే వదిలేశా!"