చల్లటి సీసా

"ఇరవై గింజలు నానబెడితే మూడే మొలిచాయక్కా," అంటూ టెస్ తడి కాగితాన్ని బల్లమీద విప్పింది.

ఆ గంజాయి రకాన్ని వాళ్ల నాన్న మెండొసినో అనే కొండప్రాంతంలో ముప్పై ఏళ్లు సాకాడు. పోయేముందు విత్తనాల సీసాను చిన్నకూతురు టెస్ చేతిలో పెట్టాడు. పెద్దకూతురు లోర్నాకు ఎనిమిదేళ్లుగా అది మింగుడుపడలేదు.

"ఫ్రిజ్‌లోంచి తీశాక చల్లదనం పోయేదాకా మూత తియ్యొద్దన్నాడు, లోపల చెమ్మ చేరి గింజలు చెడతాయని. చల్లగా ఉండగా నేనెప్పుడూ తియ్యలేదు!" టెస్ మొలవని గింజల్ని వేలితో కదిపింది. "నా చెయ్యే మంచిది కాదు. నాన్న నీకిచ్చి ఉండాల్సింది."

ఎనిమిదేళ్లుగా వినాలనుకున్న మాట. విన్నాక లోర్నాకు సంతోషం కలగలేదు.

"నీ చేతిలో ఏ తప్పూ లేదే. నువ్వు ఊళ్లో లేనప్పుడల్లా వచ్చి, చల్లగా ఉండగానే మూత తీసింది నేను."

"ఎందుకు?"

"చూసుకుందామని. నాన్న గింజలు నీ దగ్గరున్నాయంటే కడుపు మండిపోయేది."

"అడిగితే సగం ఇచ్చేదాన్ని కదక్కా!"

లోర్నా తల దించుకుంది. ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇప్పుడడుగుతున్నా. ఆ మూడింట్లో ఒకటి ఇస్తావా?"

టెస్ మొలకలున్న కాగితాన్ని ఇద్దరి మధ్యకు జరిపింది.